‘అవసరం లేదు’ అను రెండు మాటలను రికార్డు నుండి కొట్టివేయుట గురించి

పంపువారు:
కె. దేవరాజులు, వయసు 66,
వృత్తి: అర్జీలు రాయుట,
పుల్లమిట్ట గ్రామం, గుడియాత్తం తాలూకా, వేలూరు జిల్లా.

అందుకొనువారు:
అధ్యక్షులు గారు,
ఇంటివాకిలి సేవా పథకం జిల్లా పర్యవేక్షణ సంఘం,
వేలూరు.

తేది: 16-2-2026

అయ్యా,

విషయం: నా భార్య చెంగమ్మకు ఇంటి దగ్గర జరుగుతుండిన వైద్యసేవను, ఆమె ‘అవసరం లేదు’ అని చెప్పినదను కారణముపై ఆపివేసినందుకు, ఆ మాటకు అసలు అర్థం తెలియజేసి, సేవను తిరిగి ఇప్పించుకొనుట గురించి.

సూచిక: నేను ఇంతకుముందు పెట్టుకున్న ఏడు అర్జీలు, వాటికి వచ్చిన ఒకే ఒక జవాబు, ఏడుసార్లు.

పై విషయమై తమ సముఖమునకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను ముప్పై ఒక్క సంవత్సరాలుగా గుడియాత్తంలో తాలూకా కచేరీకి ఎదురుగా, జెరాక్సు అంగడి పక్కన బల్ల వేసుకుని జనానికి అర్జీలు రాసిస్తున్నవాడను. పట్టా మార్పు, రేషను కార్డు, వారసుల సర్టిఫికెట్టు, దారి తగాదా, ఏదైనా రాస్తాను. ఇన్నేండ్లలో అబద్ధపు అర్జీ ఒక్కటి రాయలేదని నాకు పేరు. అన్నీ తమిళంలోనే రాస్తాను. ఇది తెలుగులో రాయడానికి కారణం ఉంది. తమరు నెల్లూరు వైపు వారని, పొద్దున తెలుగు పేపరు చదవనిదే కాఫీ ముట్టరని తమ కారు నడిపే దేవేంద్రన్ చెప్పినాడు. అతను మా ఊరి అల్లుడు. తమిళంలో ఏడుసార్లు రాస్తే ఏడుసార్లూ మీ కంప్యూటరు చదివింది, మనిషి చదవలేదు. తెలుగు మీ కంప్యూటరుకు రాదు గనుక ఈసారి ఎవరో ఒక మనిషి చదివి తీరాలని ఈ ఉపాయం. నేను ఎనిమిదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినాను. మా వీధిలో అందరూ తెలుగే మాట్లాడుతారు గానీ ఈ అక్షరాలు చదవగలిగినవాళ్లు నాతో కలిపి ముగ్గురే. తప్పులుంటే మన్నించవలెను. కోపం కూడా ఉంటుంది, దాన్ని మన్నించనక్కరలేదు.

ఇంకొక మాట. తమిళంలో అర్జీని ‘మను’ అంటారు. మేము దానికి తోక తగిలించి ‘మనువు’ అంటాము. తమ వైపు మనువంటే పెళ్లి. ఆ లెక్కన ఈ వయసులో నేను ఏడు మనువులాడినాను, ఒక్కటీ కాపురానికి రాలేదు. ఇది నవ్వించడానికి రాయలేదు. మా తెలుగుకూ మీ తెలుగుకూ మధ్య ఇట్లాంటి గుంటలు ఉన్నాయని ముందే చెప్పి పెడుతున్నాను. అట్లాంటి ఒక గుంటలోనే నా భార్య పడింది.

1. నా భార్య చెంగమ్మ, వయసు 61. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఇరవై రెండేండ్లు పుల్లలు పెట్టెలకు నింపే పని చేసినది. కిందటి సంవత్సరం మార్చి 20వ తేదీ పొద్దున దోసె తిప్పుతూ పొయ్యి దగ్గరే పడిపోయినది. పక్షవాతం అన్నారు. కుడి కాలు, కుడి చెయ్యి పోయినవి. మాట కొన్నాళ్లు మొద్దుబారి మళ్లీ వచ్చినది. ఆస్పత్రి నుండి ఇంటికి పంపునపుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పినది: "చెయ్యి తిరిగి వచ్చేదంతా చాలావరకు మొదటి ఏడాదిలోనే వస్తుంది. తెలిసినవాళ్ల చేత వ్యాయామం చేయించండి. వదిలేస్తే వేళ్లు ముడుచుకుని అట్లే బిగిసిపోతాయి." ఆ ఏడాది వచ్చే నెల 20వ తేదీతో ముగుస్తుంది. ఈ అర్జీ తమ బల్ల మీదికి చేరేనాటికి ఎన్ని రోజులు మిగిలి ఉంటాయో తమ గుమాస్తా చేత ఒకసారి లెక్క కట్టించండి.

2. మే నెల నుండి మీ పథకం కింద జెన్సి అనే నర్సు మంగళవారం, శుక్రవారం మా ఇంటికి వచ్చేది. మా పక్క ఊరి ఆరోకియమేరి గారి మనవరాలు, కాట్పాడిలో చదువుకున్నది. ఆ పిల్ల తెలివి చూడండి. చెంగమ్మకు రబ్బరు బంతి ఇస్తే పట్టుకోలేదు, విసుక్కునింది. జెన్సి మరుసటిసారి ఖాళీ అగ్గిపెట్టె ఒకటి, గుప్పెడు పుల్లలు తెచ్చి మంచం మీద పరిచింది. "అవ్వా, నీకు తెలిసిన పనే గదా, పెట్టె నింపు" అనింది. చెంగమ్మ మొదటి రోజు ఒక్క పుల్ల కూడా తీయలేదు. ఇరవై రెండేండ్లు నిమిషానికొక పెట్టె నింపిన చెయ్యి అది. ఆ రోజు ఏడ్చింది. నేను కూడా బయటికి పోయి నిలబడినాను. జూలైలో రెండు పుల్లలు. ఆగస్టు నెలాఖరుకు పిడికిలి తనంతట తెరుచుకునేది, పంతొమ్మిది పుల్లలు తీసి పెట్టెలో పెట్టి, పెట్టె మూసి, నా వైపు విసిరింది. మీ ప్రభుత్వం మా ఇంటికి చేసిన మేలు ఇది. దీనికి నేను దండం పెట్టినాను, ఇప్పుడు కూడా పెడుతున్నాను. చేసిన మేలును తిరిగి లాక్కున్నందుకే ఈ అర్జీ.

3. సెప్టెంబరు 11వ తేదీన జెన్సి తన చెల్లెలి పెళ్లికని నాలుగు రోజులు సెలవులో ఉండినది. ఆ రోజే ఫోను వచ్చినది. పథకం సరిగా నడుస్తున్నదా అని లబ్ధిదారులను అడిగి తెలుసుకొనుటకు తమ సంఘం ఏదో కంపెనీకి పని అప్పగించినదట. రికార్డులో ‘ఇంటి భాష తెలుగు’ అని ఉన్నందువల్ల తెలుగు పిల్ల చేత మాట్లాడించినారు. ఏ ఊరి పిల్లో తెలియదు, గొంతులో తేనె. "నమస్కారమండి. అమ్మగారికి ఇంటి దగ్గర సేవ అవసరమాండి?" అని అడిగినది. జెన్సి సెలవులో ఉంది గనుక బదులు ఇంకొకరిని తొందరగా పంపమంటారా అని అడుగుతున్నారనుకుని నా భార్య, "అవసరం లేదమ్మా, నిదానంగా రానీ" అని చెప్పినది. "ధన్యవాదాలండి" అని ఆ పిల్ల ఫోను పెట్టేసినది. అంతే జరిగినది, దానితో సేవ ఆగిపోయినది. నా భార్యకు చదువు లేదు, మాటకు ముందు వెనుక చూసుకునే అలవాటు లేదు. నేను పక్కన ఉండి ఉంటే ఈ పొరబాటు జరిగి ఉండేది కాదు.

4. ఇప్పుడు ఆ మాటకు అర్థం మనవి చేస్తున్నాను. తమరు చదువుకున్న తెలుగులో అవసరం అంటే అక్కర. మా వైపు అవసరం అంటే తొందర. తమిళంలో కూడా అంతే. బస్సు కోసం పరుగెత్తేవాణ్ణి "ఏం నాయనా అంత అవసరం?" అంటాము. అన్నం గబగబా మింగే పిల్లను "అవసరపడొద్దు" అంటాము. ఇంటికి వచ్చేవాళ్లు ఆలస్యమవుతుందని చెబితే "అవసరం లేదప్పా, నిదానంగా రాండి" అంటాము. అది మర్యాద. కావలసి ఉంటే ‘కావాల’ అంటాము, వద్దనుకుంటే ‘వద్దు’ అంటాము. దానికి దీనికి మాకు ఎప్పుడూ తికమక లేదు. ఆ కంపెనీ పిల్ల మా మాటను తన తెలుగులో విని, ‘తేవై ఇల్లై’ అని తమిళంలో నింపినది. అంటే అక్కర లేదని. ‘నిదానంగా రానీ’ అన్నదాన్ని ఎక్కడ రాసినది? మీ ఫారంలో దానికి చోటు లేదు. కావాలి, వద్దు, రెండే గళ్లు. ‘ఇల్లై’ అని రాసినవాళ్లు వచ్చి ఇల్లు చూడలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా నోరు మంచిదై కొంప మునిగింది.

5. సేవ ఆగిన వారానికే మొదటి అర్జీ పెట్టినాను. పదిహేను రోజులకు ఫోనుకు సందేశం వచ్చినది: ‘లబ్ధిదారు సేవ అక్కర లేదని తెలిపినందున తమ మను పరిశీలించి ముగించబడినది.’ పొరబాటు జరిగిందని అర్జీ పెడితే ఆ పొరబాటునే కారణంగా చూపి ముగిస్తారు. ఏడుసార్లు ఇదే. నాలుగో అర్జీ తరువాత స్వయంగా వేలూరికి వచ్చి తమ కార్యాలయంలో తంగవేలు అనే గుమాస్తాను కలిసినాను. చెడ్డవాడు కాదు, కుర్చీ చూపించినాడు. అతను తమిళంలో చెప్పినదాన్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ముగిసిన పేరును తెరవడానికి దీంట్లో దారి లేదు సార్. కొత్తగా దరఖాస్తు చేయండి."

"చేస్తాను. యాడ చెయ్యాల?"

"ఇక్కడే. కానీ జబ్బు వచ్చిన తేదీ, పాత పేరు ముగిసిన తేదీకి తరువాతది అయి ఉండాలి. లేకపోతే కంప్యూటరు తీసుకోదు. అక్టోబరు అని వేయండి."

"అక్టోబరులో నా భార్యకు మళ్లీ పక్షవాతం రావాలనా?"

"వచ్చినట్టు వేయండి సార్. అందరూ అట్లే వేస్తారు."

అయ్యా, నా బల్ల దగ్గరికి వచ్చి ఎందరో ఎన్నో రాయమన్నారు. బతికున్న అన్నను చచ్చినట్టు రాయమన్నవాడు ఉన్నాడు. వాణ్ణి లేపి పంపించినాను. కట్టుకున్నదానికి రెండోసారి పక్షవాతం రాసిపెట్టమని మాత్రం మీ కార్యాలయం తప్ప ఇంకెవరూ అడగలేదు. నేను రాయలేదు. రాసి ఉంటే ఈపాటికి జెన్సి మా ఇంట్లో ఉండేదేమో. ఆ సంగతి రోజూ నా మనసును తొలుస్తూనే ఉంది.

6. పర్యవేక్షణ అనే మాట తమ సంఘం పేరులోనే ఉంది గనుక దాని గురించి కొంచెం రాస్తాను. పదకొండు ఊర్లకు పని చేసే మనిషి జెన్సి ఒక్కతె. జెన్సిని చూసుకోవడానికి బ్లాకుకు శక్తివేల్ అనే సూపర్వైజరు. శక్తివేల్‌ను చూసుకోవడానికి తాలూకాకు ఒక అధికారి. ఆయనను చూసుకోవడానికి జిల్లాకు ఒక అధికారి. వీళ్లంతా చూసినారా లేదా అని అడగడానికి ఫోను కంపెనీ. కంపెనీ సరిగా అడిగినదా అని సోషల్ ఆడిటు. అందరి మీదా తమ సంఘం, మూడు నెలలకొకసారి ఏసీ హాలులో. ఇంతమంది ఒకరినొకరు చూసుకుంటూ ఉంటే చెంగమ్మను చూసేవాళ్లు లేరు. మా చేలో కలుపు తీసేది ఒక్క మనిషై, గట్టు మీద ఆరుగురు నిలబడి చూస్తూ ఉంటే, ఆ ఆరుగురినీ దిగి తీయమంటాము. మాకు తెలిసిన పర్యవేక్షణ అంతే.

జెన్సి వారం ఎట్లా గడిచేదో కూడా వినండి. సోమవారం ఫారాలు నింపాల. బుధవారం మీటింగు. గురువారం ఆ మీటింగులో అడిగినదానికి జవాబు పంపాల. మా ఇంటికి వచ్చిన రోజు వాకిలి ఫోటో, రోగి ఫోటో, తన ముఖం ఫోటో, చెయ్యి వంచక ముందు ఒకటి, వంచిన తరువాత ఒకటి. మా పల్లెలో సిగ్నలు రాదు. ఆ పిల్ల వాటర్ ట్యాంకు మెట్లెక్కి ఫోను పైకెత్తి పంపేది. "తాతా, అవ్వ చెయ్యి పది నిమిషాలు పట్టుకున్నా, ఫోను ఇరవై నిమిషాలు పట్టుకున్నా" అని ఒకరోజు మెట్ల మీదే కూర్చుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నవంబరులో తనిఖీ జీపు మా వీధికే వచ్చినది. నలుగురు దిగినారు. నేను చొక్కా కూడా వేసుకోకుండా పరుగెత్తి పోయి, అయ్యా మా ఇల్లు ఇదే, ఒక్క నిమిషం లోపలికి రండి అని బతిమాలినాను. వాళ్లలో పెద్దాయన చేతిలో కాగితం చూసుకుని, ఈ ఇల్లు జాబితాలో లేదు, జాబితాలో లేని ఇంటిని తనిఖీ చేసే అధికారం మాకు లేదు అని చెప్పినాడు. ఆయన నిలబడిన చోటి నుండి తెరిచిన తలుపులో మంచం కనబడుతున్నది. మంచం మీద చెంగమ్మ కనబడుతున్నది. ఆమె ఎడమ చేత్తో దండం పెట్టినది. ఆయన తిరిగి నమస్కారం పెట్టి జీపెక్కినాడు. ఆ జీపు వెనకాల దుమ్ములో నిలబడి నేను తిట్టిన తిట్లు ఈ అర్జీలో రాయదగినవి కావు గనుక రాయలేదు.

7. మీ పర్యవేక్షణ ఏదీ పట్టుకోలేదని అనడం అన్యాయం. ఒక తప్పును పట్టుకున్నది. సేవ ఆగిన తరువాత కూడా జెన్సి రెండు ఆదివారాలు చర్చి నుండి నేరుగా మా ఇంటికి వచ్చి, చెంగమ్మ చెయ్యి వంచి, పుల్లలు తీయించి పోయినది. తన సెలవు రోజు, తన స్కూటరు. ఆమె చేతిలోని ఫోను ఆమె ఎక్కడ తిరిగినా రాసుకుంటుందట. జాబితాలో లేని ఇంట్లో నలభై నిమిషాలు ఉన్నావెందుకని శక్తివేల్ ద్వారా మెమో వచ్చినది. మెమో ఇచ్చిన రోజు శక్తివేల్ కూడా తల దించుకునే ఉన్నాడట, పై నుండి వచ్చినది నేనేం చేసేదని. మరుసటి ఆదివారం జెన్సి రాలేదు. ఆ తరువాత ఒకరోజు సంతలో కనబడి, "తాతా, నన్ను తప్పుగా అనుకోవద్దు, పని పోతే ఇల్లు గడవదు" అని ముఖం తిప్పుకునింది. ఇంతమంది కూర్చుని ఇన్ని నెలలు పర్యవేక్షించి పట్టుకున్న ఒక్క నేరం, ఒక నర్సు ఒక రోగి దగ్గరికి పోవడం. ఇందుకు ఎవరిని అభినందించవలెనో తెలియజేయ ప్రార్థన.

8. జనవరిలో మా పంచాయతీ కార్యాలయం గోడకు కాగితం అతికించినారు. పుల్లమిట్ట గ్రామం, లబ్ధిదారులు తొమ్మిది, సంతృప్తి చెందినవారు తొమ్మిది, ఫిర్యాదులు సున్న. నా ఏడు అర్జీలు ఏమైనవని అడిగితే, ముగిసినవి ఫిర్యాదు కింద రావు అన్నారు. చెంగమ్మ పదో మనిషి. ఆమెను జాబితా నుండి తీసేసినారు గనుక మిగిలిన తొమ్మిదిమందీ సంతృప్తిగా ఉన్నారు. ఈ లెక్కన ఒక్కొక్కరినీ తీసేసుకుంటూ పోతే జిల్లాలో దుఃఖమే ఉండదు.

ఈ అయిదు నెలల్లో నేను చేతనైనంత చేసినాను. జెన్సి చేయగా చూసినట్టు పొద్దున, సాయంత్రం వేళ్లు విప్పుతాను. కానీ నాది కలం పట్టిన చెయ్యి. ఎంత వంచాలో, ఎక్కడ ఆపాలో తెలియదు. ఒకసారి ఎక్కువ వంచితే మణికట్టు వాచి పది రోజులు ముట్టనివ్వలేదు. డబ్బిచ్చి పిలుద్దామంటే గుడియాత్తం నుండి మా పల్లెకు వచ్చేవాళ్లు దొరకలేదు. పంతొమ్మిది పుల్లలు అక్టోబరులో పదయినవి, దీపావళి తరువాత మూడు. సంక్రాంతి పోయినప్పటి నుండి ఆమె పెట్టెను అడగడం మానేసినది. అది కిటికీలోనే ఉంది.

కాబట్టి తమరు దయచేసి, చెంగమ్మ పేరు పక్కన ఉన్న ‘అక్కర లేదు’ను కొట్టివేయించి, పాత తేదీతోనే, అంటే నిజమైన తేదీతోనే, ఆమెను జాబితాలో చేర్చించవలెను. జెన్సిని మంగళ శుక్రవారాలు పంపించవలెను. ఆ పిల్లకు ఇచ్చిన మెమోను వెనక్కు తీసుకొనవలెను. ఇవి చేయడానికి ఇంకొక కమిటీ వేయకూడదు. నమ్మకం లేకపోతే తమరే స్వయంగా వచ్చి చూడవచ్చును. దేవేంద్రన్‌కు దారి తెలుసు, అత్తగారి ఊరే.

ఈ అర్జీని తమరు చిత్తగించవలెను. చిత్తగించిన పిమ్మట ముగించకుండా ఉండవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (మార్చి 20వ తేదీ వరకు),
కె. దేవరాజులు

తా.క.: పైది రాసి సంతకం పెట్టిన తరువాత జరిగినది ఇది. కాగితంలో కొట్టివేతలు ఉంటే తమ కార్యాలయం తిప్పి పంపుతుంది గనుక పైన ఏమీ మార్చలేదు, ఇక్కడ రాస్తున్నాను.

నేను ఎవరికి అర్జీ రాసినా, వేలిముద్ర వేయించే ముందు మొదటి నుండి చివర దాకా చదివి వినిపిస్తాను. తనకు తెలియని మాట మీద ఎవరూ ముద్ర వేయకూడదని నా నియమం. సేవ ఆమెకు గనుక ఆమె ముద్ర కూడా ఉండాలని చెంగమ్మకు కూడా అట్లే చదివినాను. అగ్గిపెట్టె దగ్గర కండ్లు తుడుచుకునింది. మనువుల దగ్గర నవ్వింది. అంతా అయినాక మూడో అంశం మళ్లీ చదవమనింది. చదివినాను.

"అంతా బాగుండాది. ఫోన్లో నేను చెప్పినానని ఏల రాసినావు?"

"రికార్డులో అట్లే ఉండాది, చెంగా."

"రికార్డులో ఉండాదని నువ్వూ రాస్తే, వాళ్లకూ నీకూ ఏం భేదం? ఆ పొద్దు ఫోను నీతో గుడియాత్తంలో ఉండె గదా. సాయంత్రం వచ్చి, ఎవరో అడిగినారు, అవసరం లేదంటిని అని నువ్వే గదా చెప్తివి."

నేను కలానికి మూత పెట్టినాను.

"ఐదు నెలలుగా వచ్చినోళ్లందరికీ నా పేరు చెప్తా ఉండావు. పోనీలే, మగోడు, నాలుగు అక్షరాలు తెలిసినోడు, సిగ్గుపడతాడని ఊరకుంటిని. దానిమీద ముద్ర కూడా వెయ్యమంటే ఎట్ల వేసేది?"

అయ్యా, నిజం. ఫోను నా దగ్గర ఉండినది. ఎదురుగా ఒక దారి తగాదా పార్టీ కూర్చుని ఉన్నాడు, వాడి అర్జీ సగంలో ఉంది. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రాత ఆపకుండానే, అవసరం లేదమ్మా అన్నాను. ముప్పై ఒక్క ఏండ్లు ప్రతి మాటకూ రెండుసార్లు ఆలోచించి రాసినవాణ్ణి, నా పెండ్లాం చెయ్యి గురించి అడిగితే ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మూడో అంశంలో ఆమె గురించి రాసిన తక్కువ మాటలన్నీ నాకు వర్తిస్తాయి. ‘నేను పక్కన ఉండి ఉంటే’ అన్నదాన్ని ఆమెకు వినబడీ వినబడనట్టు గబగబా చదివేసినాను.

మాట తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. అయినా నా కోపం తగ్గలేదు. తొందరలో ఒక మనిషి అన్న రెండు మాటల మీద ఆరు అంచెల అధికారులు అయిదు నెలలు నిలబడినారు, ఒక్కరూ గడప దాటి రాలేదు. నా తప్పు ఈ కాగితంలో ఉంది. తమ తప్పును తమరు ఏ కాగితంలో రాస్తారో తెలియదు.

ఇది కూడా చదివి వినిపించినాను. ఇప్పుడు వేస్తాననింది. ఆడవాళ్లకు కుడి బొటనవేలే వేయించడం నేను నేర్చుకున్న పద్ధతి. ఎడమది వేయిస్తానంటే ఆమె ఒప్పుకోలేదు, వాళ్లు చూడాల్సింది ఈ చెయ్యే గదా అనింది. బొటనవేలు పిడికిలి లోపల ఇరుక్కుని ఉంది. నేను ఒక్కొక్క వేలే విప్పుతూ పోయినాను. మూడో వేలి దగ్గర ఆమెకు నొప్పి పుట్టింది.

"అవసరం లేదు. నిదానంగా" అనింది.

చాలాసేపు పట్టింది. సిరా పూసి కాగితం మీద పెట్టేలోపల చెయ్యి మళ్లీ మూసుకుపోయింది. కింద మరకలాగా కనబడుతున్నది ఆమె ముద్రే.